పీయూష గ్రంథీ, మోకాళ్ళ మెట్టూ

మా ఆవిడ రోజూ తెల్లవారుజామున ఐదుంబావుకి ఒక హార్మోను మింగుతుంది. థైరాక్సిన్, 75 మైక్రోగ్రాములు. సీసా మూతలోకి ఒకే ఒక్క మాత్ర రాల్చుకుని, చెంబులో నీళ్ళతో వేసుకుని, గోడగడియారం వైపు చూస్తుంది. ఇంక ముప్పావుగంట దాకా కాఫీ లేదు. పదిహేనేళ్ళ కిందట డాక్టరు ఈ మాత్ర రాసినప్పుడు ఆమెకొచ్చిన అనుమానం జబ్బు గురించి కాదు, శనివారం ఒక్కపొద్దు గురించి. దీపం పెట్టకముందే నోట్లో మాత్ర వేసుకుంటే ఒక్కపొద్దు చెడినట్టు కాదా అని మా అమ్మని అడిగింది. "మందుకి ఎంగిలేంటమ్మా" అని మా అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూనే చెప్పేసింది. అనుమానం అక్కడితో సరి.

నాకూ ఒక హార్మోను గురించే అనుమానం వచ్చింది. అది అంత తేలిగ్గా తెగలేదు.

నేను డ్రిల్లు మాష్టారిని. చిత్తూరు జిల్లా హైస్కూళ్ళలో ముప్పై అయిదేళ్ళు విజిల్ ఊది 2021 నవంబరులో రిటైరయ్యాను. 1994లో మా రెండో కాన్పప్పుడు మా ఆవిడకి రక్తం ఆగలేదు. ఆస్పత్రి వరండాలో నిలబడి మొక్కుకున్నాను, తల్లీబిడ్డా క్షేమంగా ఇల్లు చేరితే ఏటా కార్తీకంలో అలిపిరి నుంచి నడిచి కొండకొస్తానని. ఇద్దరూ చేరారు. నేనూ నడుస్తూ వచ్చాను. 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. 2020లో కోవిడ్ వల్ల తప్ప, 2022 దాకా ఏ ఏడూ తప్పలేదు.

2022లో కొండెక్కొచ్చిన మర్నాడు మంచం దిగి మొదటి అడుగు వేస్తే ఎడమ మడమ వెనక తుప్పుపట్టిన మడతబందు తిరిగినట్టయింది. నాలుగడుగులు నడిస్తే సర్దుకుంది. మర్నాడూ అంతే, నెల తర్వాతా అంతే. వేళ్ళతో నొక్కి చూస్తే మడమకి రెండంగుళాల పైన రేగ్గింజంత గట్టిగా తగిలింది. "నరం పట్టేసిందిలే సార్" అన్నారు అందరూ. మనకి అన్నీ నరాలే. రక్తం పారేదీ నరమే, నొప్పి మోసేదీ నరమే, కండని ఎముకకి కట్టే తాడూ నరమే. ఆ తాడు పేరు స్నాయువని పిల్లలకి బోర్డు మీద రాసిన నేను కూడా ఇంట్లో నరమనే అన్నాను. తైలం రాశాను, ఉప్పు కాపడం పెట్టాను. పుత్తూరు కట్టుకి పోదామా అనుకున్నాను గానీ విరిగింది ఎముక కాదు కదా.

మరుసటి కార్తీకంలో తెల్లారుజామునే అలిపిరి చేరాను. తలయేరు గుండు దగ్గర జనం ఎప్పటిలాగే తలలూ మోకాళ్ళూ ఆ బండకి ఆనిస్తున్నారు, నొప్పులు పోతాయని. నేనూ ఆగాను. తల ఆనించవచ్చు, మోకాలు ఆనించవచ్చు. నా నొప్పి మడమలో. ఆంజనేయస్వామి చెక్కి ఉన్న రాతికి కాలెలా ఆనిస్తాను? అటూ ఇటూ చూశాను కూడా, ఎవరూ చూడకుండా ఆనిద్దామా అని. చేతకాలేదు. అక్కడినుంచే కుంటుకుంటూ వెనక్కొచ్చి బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని కొండెక్కుతుంటే కాపీ కొట్టి పాసైన కుర్రాడిలా అనిపించింది.

మా అక్క కొడుకు హైదరాబాదులో జిమ్ ట్రైనరు. సంక్రాంతికొచ్చి నా నడక చూశాడు. మడమలో స్టిరాయిడ్ సూది వెయ్యనని, వేస్తే ఆ తాడు తెగే ప్రమాదముందని డాక్టరు ముందే చెప్పాడన్నాను. "అది పాతకాలం సూది మామా. గ్రోత్ హార్మోన్ వేసుకో. పొట్ట మీద చర్మం కింద, రోజూ రాత్రి, దోమ కుట్టినట్టుంటుంది. కొలాజెన్ దానంతటదే ఊరుతుంది. వచ్చే కార్తీకానికి మెట్లు దూకుతూ ఎక్కుతావు."

నాకు కోపమొచ్చింది. 1988లో సియోల్ ఒలింపిక్స్‌లో బెన్ జాన్సన్ వంద మీటర్లు 9.79 సెకన్లలో పరిగెత్తిన మర్నాడు ఆ అంకె బోర్డు మీద పెద్దగా రాసినవాణ్ణి నేను. మూడో రోజుకి స్టానొజొలాల్ దొరికి పతకం వెనక్కి తీసుకుంటే, పిల్లల ముందు ఆ అంకె తుడిచినవాణ్ణీ నేనే. నా శిష్యుడొకడు, గుండు విసిరేవాడు, కాలేజీకెళ్ళాక ఎవరో ఇచ్చిన సూదులు వేసుకుని ఆరునెలల్లో ఎద్దులా తయారయ్యాడు. కండ పెరిగింది గానీ దాన్ని కట్టిన తాడు అంత వేగంగా గట్టిపడలేదు. బరువెత్తుతుంటే మోచేతి దగ్గర తెగింది. పక్కగదిలోకి వినపడిందట ఆ చప్పుడు. ఇదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. వాడు అరిసె తుంచుకుంటూ విన్నాడు. "అంతా బాగుంది మామా. మరి అత్త రోజూ మింగేది హార్మోను కాదా?"

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది.

మా వెనక వీధిలో సంస్కృతం పంతులుగారున్నారు. ఒకే స్కూల్లో పదకొండేళ్ళు పనిచేశాం. ఎనభైకి దగ్గరపడ్డారు, నలభై ఏళ్ళుగా ఇన్సులిన్ మీద ఉన్నారు. స్టాఫ్‌రూములో ఆయనకీ నాకూ రోజూ వాదమే, ఆత్మ గొప్పదా ఒళ్ళు గొప్పదా అని. నా సందేహం ఇలా పెట్టాను: హార్మోను సూదులతో కాలు బాగుచేసుకుని కొండెక్కితే మొక్కు తీరినట్టేనా?

"వ్రతాన్ని చెరపనివి ఎనిమిదని పెద్దలు లెక్క చెప్పారయ్యా. నీళ్ళు, దుంపలు, పండ్లు, పాలు ఇలా. ఎనిమిదోది ఔషధం. మీ అమ్మగారు శాస్త్రమే చెప్పారు" అన్నారు. ఆపైన ఆయన సొంత కథ. మొదట్లో ఆయన వేసుకున్నది పశువుల క్లోమంలోంచి తీసిన ఇన్సులిన్. డాక్టరు చెప్పలేదు, ఈయన అడగలేదు. ఒకరోజు సీసా మీద సన్నక్షరాల్లో బొవైన్ అన్న మాట చదివారు. నిఘంటువు అవసరం లేని మనిషి, సంస్కృతం గో శబ్దానికి చుట్టమేనని తెలుసు. ఆ పూట సూది వేసుకోలేదు. రెండో పూటకి కళ్ళు తిరిగాయి, మూడో పూటకి వేసుకున్నారు.

"నేను చస్తే ఆ గోవు బతుకుతుందా? ప్రాణం నిలుపుకోవడం ధర్మమే. కానీ ఏమీ జరగనట్టు ఎలా ఉంటాను?" అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఎదురింటి ఆవుకి మోపెడు పచ్చగడ్డి వేయిస్తున్నారు. తర్వాత బ్యాక్టీరియాతో చేసిన ఇన్సులిన్ వచ్చింది, ఏ పశువునీ చంపనక్కర్లేదు. గడ్డి మాత్రం ఆపలేదు. ఇప్పుడెందుకండీ అంటే, "ఆవుకి తెలియదు కదయ్యా ఫార్ములా మారిందని" అన్నారు.

నాకు నచ్చిన వాదం ఒకటుంది, అది తీశాను. మా ఆవిడదీ ఆయనదీ లోటు. గ్రంథి ఇవ్వాల్సింది ఇవ్వడం లేదు, మాత్ర ఆ బాకీ తీరుస్తుంది. నాకు లోటు లేదు, నేను వేసుకుంటే అది అదనం. లోటు పూడ్చితే వైద్యం, అదనం కలిపితే దొంగాట. చక్కగా గీత గీశాననుకున్నాను. ఆయన ఆ గీత మీద కాలేసి తుడిచేశారు. "ఇరవై ఏళ్ళప్పుడు ఊరినంత ఆ రసం అరవై రెండేళ్ళకి ఊరుతుందా? ఊరదు కదా. అది లోటు కాదా? ముసలితనాన్ని వెనక్కి నెట్టడానికే ఆయుర్వేదంలో రసాయన తంత్రమని ఒక అంగమే ఉంది. చ్యవనుడు లేహ్యం తిని కుర్రాడైతే ఋషులెవరూ డిస్‌క్వాలిఫై చెయ్యలేదే!"

ఆ హార్మోను ఊరేది మెదడు అడుగున శనగగింజంత గ్రంథిలో. ఇంగ్లీషులో దాని పేరు పిట్యూటరీ, లాటిన్‌లో చీమిడి అన్న మాటలోంచి వచ్చింది. మెదడులోని చీమిడి అక్కణ్ణుంచి ముక్కులోకి దిగుతుందని పూర్వం యూరప్‌లో అనుకున్నారు. మన పాఠ్యపుస్తకాలు రాసిన మహానుభావులెవరో దానికి పీయూష గ్రంథి అని పేరు పెట్టారు. పీయూషమంటే అమృతం. వాళ్ళకి చీమిడి కనిపించినచోట మనవాళ్ళకి అమృతం కనిపించింది! మొదట్లో ఈ అమృతాన్ని శవాల తలల్లోంచి తీసేవారు. 1958 నుంచి ఎదగని పిల్లలకి అలా తీసినదే ఎక్కించారు. వాళ్ళలో కొందరికి ఏళ్ళ తర్వాత మెదడు కుళ్ళే జబ్బు బయటపడితే 1985లో ఆపేశారు. అదే ఏడు బ్యాక్టీరియాతో చేసినది అమెరికాలో అమ్మకానికొచ్చింది.

పీయూషమనగానే నాకు రాహువు గుర్తొచ్చాడు. వేషం మార్చి దేవతల పంక్తిలో కూర్చున్నాడు, అమృతం గొంతు దాకా వచ్చింది, సూర్యచంద్రులు పట్టిచ్చారు, చక్రం మెడ తెంచింది. నాకు తెలిసిన మొదటి డోపింగు కేసు ఇదే. కానీ పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు నేను దాటేసిన సంగతొకటుంది. తల చావలేదు. దొంగతనంగా తాగినా అమృతం పనిచేసింది. తప్పు చేస్తే మందు పనిచెయ్యదని, దేవుడు చూసుకుంటాడని పిల్లల్ని భయపెట్టిన నాకు పురాణమే సాక్ష్యం ఇవ్వడం లేదు.

పనిచేస్తుందా అన్నది పంతులుగారి శాఖ కాదు. అది మా అమ్మాయిది. 1994లో ఆ ఆస్పత్రిలో పుట్టిన పిల్లే, ఇప్పుడు ఒక మందుల ల్యాబులో జీవరసాయనం చేస్తోంది. ఫోనులో గంటసేపు నాకు క్లాసు పీకింది. కోపెన్‌హేగెన్ వాళ్ళు 2010లో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళకి రెండు వారాలు గ్రోత్ హార్మోన్ ఇచ్చి చూస్తే స్నాయువులో కొలాజెన్ తయారీ దాదాపు 1.3 రెట్లయింది. "మీ మేనల్లుడు చెప్పింది అబద్ధం కాదు నాన్నా. కానీ ఆ కుర్రాళ్ళకి మడమ నొప్పి లేదు. దారం ఎక్కువ ఊరడం వేరు, చిక్కుపడ్డ తాడు సరిగ్గా పేనుకోవడం వేరు." కార్టిజోన్ కూడా హార్మోనేనని గుర్తుచేసింది. ఆస్ట్రేలియాలో టెన్నిస్ ఎల్బో వాళ్ళకి ఆ సూదులు వేసి చూశారు, ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. ఏడాది తిరిగేసరికి కోలుకున్నవాళ్ళు మందు సూది పడ్డవాళ్ళలో నూటికి 83 మంది, ఉత్తుత్తి సూది పడ్డవాళ్ళలో 96 మంది. గ్రోత్ హార్మోన్‌తో కాళ్ళవాపులు, కీళ్ళనొప్పులు, వేళ్ళ తిమ్మిర్లు రావచ్చు, చక్కెర పెరగొచ్చు. నాకసలే చక్కెర గీత మీద ఉంది.

ఆ ఒక్క మాటతో విషయం ముగించొచ్చు. ముగించలేదు, ఎందుకంటే నా ప్రశ్నకి అది జవాబు కాదు. రేపు ఏ హానీ లేకుండా పనిచేసే సూది వస్తే?

అమ్మాయి ఇంకోటి చెప్పింది. నా బుర్రలోంచి ఇప్పటికీ పోనిది అదే. 1955 నుంచి 1963 దాకా అమెరికా, రష్యా గాలిలో పేల్చిన అణుబాంబుల వల్ల వాతావరణంలో ఒకరకం కర్బనం, కార్బన్-14, దాదాపు రెట్టింపయింది. గడ్డిలోకి వెళ్ళింది, పాలల్లోకి వెళ్ళింది, బియ్యంలోకి వెళ్ళింది. పరీక్షలు ఆపాక ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది. కాబట్టి ఒంట్లో ఏ ముక్కని తీసుకున్నా అందులోని ఆ కర్బనం కొలిచి, అది ఏ కాలంలో తయారైందో చెప్పొచ్చు. డెన్మార్క్ వాళ్ళు మడమ స్నాయువుని ఇలా కొలిచి 2013లో ప్రకటించారు. దాని నడిమధ్య భాగం మనిషికి పదిహేడేళ్ళు వచ్చేదాకా తయారవుతుంది. ఆ తర్వాత దాదాపు మారదు.

పేగుల లోపలి పొర నాలుగైదు రోజులకి కొత్తదవుతుంది. ఎర్రకణం బతికేది 120 రోజులు. ఒళ్ళు వస్త్రమని గీత చెబుతుందని పంతులుగారు స్టాఫ్‌రూములో అన్నప్పుడల్లా నేను తలాడించేవాణ్ణి. ఆ వస్త్రం బతికుండగానే నూలుపోగు నూలుపోగుగా మారిపోతూ ఉంటుందని, ఇక "నేను" ఎక్కడని ఆయన అడిగేవారు. ఇదిగో, మారని పోగు ఒకటి మడమలో ఉంది. నేను 1961 నవంబరులో పుట్టాను. అంటే నా మడమలో తాడు పేనుకున్నది 1978తో ఆగిపోయింది. మా ఊరి గేదె తిన్న గడ్డిలోంచి, ఎక్కడో కజకిస్తాన్‌లోనో పసిఫిక్ దీవుల్లోనో పేలిన బాంబు బూడిద వచ్చి నా కాలిలో కూర్చుంది. నాది నాది అని నేను మొక్కుకి పెట్టిన కాలు!

పంతులుగారికి చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. సుశ్రుతుడు ఒంట్లో తొమ్మిది వందల స్నాయువులని లెక్కవేసి, బల్లల్ని తాళ్ళతో బిగించి కట్టిన పడవ నీళ్ళ మీద బరువు మోసినట్టు ఒళ్ళు వాటివల్లే భారం మోస్తుందన్నాడని చెప్పారు. పెద్ద తాళ్ళని ఆయన కండర అన్నాడట, పదహారు. మనం ఆ మాట తెచ్చి కండకి తగిలించుకున్నాం. తర్వాత నెమ్మదిగా అడిగారు. "78లో నువ్వేం చేస్తుండేవాడివి?"

పరిగెత్తేవాణ్ణి. పదిహేను వందల మీటర్లు, జిల్లా మీట్. రెండో స్థానం.

"సరే, మొక్కులో మాట ఏమన్నావు?"

"నడిచొస్తానన్నాను."

"కర్ర పట్టుకుని నడిస్తే నడక కాదా? కళ్ళజోడు పెట్టుకుని చూస్తే దర్శనం కాదా? సూది వేసుకుంటే మొక్కు చెడదయ్యా. ఇంక నీకు అడ్డం ఏముంది?"

ఇంటికొచ్చి మా ఆవిడతో అదే అన్నాను, శాస్త్రం అడ్డం లేదని. ఆమె బీరువాలోంచి నా పాత నోటుపుస్తకం తెచ్చి ఇచ్చింది, ఎన్నేళ్ళు మొక్కు తీర్చానో లెక్క చూసుకోమని. డ్రిల్లు మాష్టార్ల నోటుపుస్తకం, పిల్లల హైజంపు ఎత్తులూ పరుగు సమయాలూ రాసేది. వెనక పేజీల్లో ఏటా ఒక వరస. 1994, 2 గం. 40 ని. 1999, 2 గం. 5 ని. 2003, 1 గం. 52 ని., దాని కింద ఎర్ర ఇంకు గీత. పక్కన చిన్నక్షరాల్లో గాలిగోపురానికి ఎంత, మోకాళ్ళ మెట్టుకి ఎంత అని. 2009 దగ్గర "ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళని దాటాను" అని కూడా ఉంది.

ఆమె కళ్ళజోడు సర్దుకుని పేజీలన్నీ తిప్పింది. "గోపురం రాశారు, మోకాళ్ళ మెట్టు రాశారు. దర్శనం ఎలా అయిందో ఒక్క ఏడూ రాయలేదేమండీ?"

మోకాళ్ళ మెట్టు దగ్గర జనం మెట్టు మెట్టుకీ మోకాలు ఆనించి ఎక్కుతారు. రామానుజులు కొండంతా కాలు మోపకుండా మోకాళ్ళతోనే ఎక్కారని చెబుతారు. ఆ మెట్ల మీద ముసలమ్మల పక్కనుంచి గడియారం చూసుకుంటూ రెండేసి మెట్లు దాటినవాణ్ణి నేను. సూది నేను వేసుకుందామనుకున్నది మొక్కు కోసం కాదు, ఎర్ర ఇంకు గీత కోసం. మొక్కుకి కాలు చాలు, కుంటిదైనా సరే. గీతకి మాత్రం 1978 నాటి కాలు కావాలి. అది ఇంకా లోపలే ఉంది, దాన్ని సూది ఏమీ చెయ్యలేదు.

అలాగని మేనల్లుడి మీద కోపం పెట్టుకోలేదు. ఒక మనిషికి ఆ కాలే కూడుపెట్టేదైతే, ఉదాహరణకి హమాలీ అయితే, సరైన డాక్టరు చేతిమీదుగా పనిచేసే హార్మోను దొరికితే వేసుకోవద్దని చెప్పడానికి నేనెవర్ని? చరకంలో అగ్నివేశుడు గురువుని అడుగుతాడట, ఆయుష్షు ముందే రాసిపెట్టి ఉంటుందా అని. గురువు బండి ఇరుసు సంగతి చెప్పాడట. మంచి ఇరుసు కూడా బరువెక్కువైతే, దారి గతుకులదైతే ముందే విరుగుతుంది, తగినట్టు వాడితే కాలం తీరేదాకా వస్తుంది. దైవమూ ఉంది, మనిషి పూనికా ఉంది, రెండూ కలిస్తేనే లెక్క. పంతులుగారు ఇది చెప్పి, ఇరుసుకి కందెన వెయ్యడం పాపమని ఏ ఋషీ అనలేదని ముక్తాయించారు. ఇప్పటికీ ఆయన సూది పక్షమే. ఆ వాదం మా ఇద్దరికీ తేలలేదు.

నేను పట్టుకున్నది వేరే దారి, ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ అని ఎముకల డాక్టరు. ఆయనకీ మడమ నొప్పే. ఆపరేషన్ చెయ్యమంటే పైవాళ్ళు ఒప్పుకోలేదట. ఆ తాడు తెగితేనన్నా చేస్తారని నొప్పిని లెక్కచెయ్యకుండా దాని మీద బరువు వేస్తూ పోయాడట. తెగలేదు సరికదా, బాగైంది! 1998లో పదిహేను మంది మీద చేయించి చూసి అచ్చువేశాడు. మెట్టు అంచున వేళ్ళ మీద నిలబడి మడమని నెమ్మదిగా కిందికి దించాలి. మోకాలు నిటారుగా పెట్టి 15 చొప్పున మూడుసార్లు, వంచి మూడుసార్లు, రోజుకి రెండు పూటలా. మొత్తం 180. పన్నెండు వారాలు. ఎలుకల మీద చూస్తే, బరువు పడినప్పుడు స్నాయువు తనలోనే ఆ పెరుగుదల రసాలు ఎక్కువ తయారుచేసుకుంటుందని మా అమ్మాయి చెప్పింది. "అంటే ఇదీ హార్మోనే కదా మామా" అన్నాడు మేనల్లుడు. అవునన్నాను.

ఇప్పుడు తొమ్మిదో వారం. వీధి అరుగు మూడో మెట్టు నాది. రేగ్గింజ ఇంకా తగులుతోంది, కాస్త మెత్తబడిందేమో తెలియదు. మొదటి అడుగు చప్పుడు మాత్రం తగ్గింది. ఐదుంబావుకి లోపల మాత్ర సీసా గలగలమంటుంది, నేను గోడ పట్టుకుని మెట్టు అంచుకి జరుగుతాను. మడమ కిందికి దించేటప్పుడు అయిదు లెక్కపెట్టమంది ఫిజియోథెరపీ అమ్మాయి. ముప్పై అయిదేళ్ళ అలవాటు, నా లెక్క పైకే వస్తుంది. ఎదురింటి పిల్లాడు బ్రష్ నోట్లో పెట్టుకుని నాతోపాటు లెక్కపెడతాడు. ఆరు గంటలకి మా ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి గుమ్మంలోకొచ్చి, "అయిందా?" అంటుంది.

"వంచిన మోకాలు, ఇంకో పదిహేను" అంటాను.